భోగి మంటకా, బాగుచేయడానికా? పాత బల్ల ముందు నచికేతుడి ప్రశ్న



సంక్రాంతి దగ్గర పడుతోందంటే మన ఇళ్లలో సర్దుళ్లు మొదలవుతాయి. అటక మీద సామాను కిందికి దిగుతుంది. కాలు ఊగే కుర్చీ, పట్టె ఊడిన మంచం, తలుపు వాలిపోయిన చెక్క బీరువా ఒక్కొక్కటే బయటపడతాయి. వీధిలో పిల్లలు "భోగి మంటకి కర్రలున్నాయా అండీ" అని తలుపు తడతారు. అప్పుడు ఇంట్లో చిన్న వాదన మొదలవుతుంది. ఒకరు "పాతది పోతేనే కొత్తది వస్తుంది, భోగికి అర్థమే అది" అంటారు. ఇంకొకరు "టేకు చెక్క అది, ఇవాళ కొనగలమా?" అంటారు. మూడోవాళ్లు "వస్తువుల మీద అంత మమకారం పనికిరాదు" అని వేదాంతంలోకి దిగుతారు.

మొన్నటి వీడియోలో కఠోపనిషత్తులోని నచికేతుడి కథ చెప్పుకున్నాం కదా. మనలో చాలామందికి యముడితో అతను చేసిన సంభాషణే గుర్తుంటుంది. కానీ ఆ కథ మొదలయ్యేది యముడి దగ్గర కాదు, ఇంటి దగ్గరే. తండ్రి తనకున్నదంతా దానం చేసే యాగం చేస్తున్నాడు. దానంగా తోలుకొచ్చిన ఆవులేమో పాలు ఎండిపోయి, ఈనే వయసు దాటిపోయి, గడ్డి నమలడానికి కూడా ఓపిక లేనివి. పిల్లవాడు అది చూశాడు. ఇలాంటివి ఇచ్చినవాడికి ఏ లోకం దక్కుతుందని లోపల బాధపడ్డాడు. "నాన్నా, మరి నన్నెవరికిస్తావు?" అన్న ప్రశ్న ఆ బాధలోంచే పుట్టింది.

ఈ పోస్టులో ఆ ఆవుల్నీ, మన ఇళ్లలోని పాత కుర్చీల్నీ పక్కపక్కన పెట్టి ఆలోచిద్దాం. వినడానికి చిత్రంగా ఉంటుంది కానీ, నాకైతే ఆ ఘట్టం ఒక బల్ల బాగుచేస్తున్నప్పుడే పూర్తిగా అర్థమైంది.

పాత వస్తువుని మనం చేసే మూడు పనులు

అరిగిపోయిన చెక్క సామాను విషయంలో మనం సాధారణంగా చేసేవి మూడే.

మొదటిది అటక ఎక్కించడం. "తాతల నాటిది, పారేయలేం" అంటాం. గౌరవంగానే అంటాం. కానీ పదిహేనేళ్లు దుమ్ములో, చెమ్మలో పడేసి, చెదలు తింటున్నా చూడని వస్తువు మీద మనకున్నది గౌరవం ఎలా అవుతుంది? "నాది" అనే మాట తప్ప దాంతో మనకి ఇంకే సంబంధమూ మిగల్లేదు. మమకారం అంటే అచ్చంగా ఇదే. మమ అంటే నాది. వాడను, ఇవ్వను, బాగుచేయను, కానీ నాది.

రెండోది వదిలించుకోవడం. పాత సామాన్లవాడికి ఎంతో కొంతకి ఇచ్చేయడమో, మంటలో వేసేయడమో. దీనికి వైరాగ్యం అని పేరు పెట్టుకుంటాం. కానీ ఆ సాయంత్రమే ఫోన్లో కొత్త సోఫా వెతికేవాడిది వైరాగ్యం కాదు. పాత కోరిక తీరింది, కొత్తది మొదలైంది, అంతే.

మూడోది దానం. "మనకెలాగూ పనికిరాదు, పనమ్మాయికి ఇచ్చేద్దాం." నచికేతుడు కంటితో చూసింది ఇదే. వదిలించుకునే శ్రమని ఎదుటివాళ్ల నెత్తిన పెట్టి, దానికి పుణ్యం అని పేరు పెట్టుకోవడం.

ఈ మూడింట్లోనూ ఒక మాట సామాన్యంగా ఉంది. మూడింట్లోనూ మనం వస్తువు మీద చెయ్యి వేయలేదు. నాలుగో దారి బాగుచేయడం. అది మిగిలిన మూడింటికంటే ఎలా వేరో చెప్పడానికి మా ఇంటి సంగతి చెప్తాను.

మా ఇంటికొచ్చిన బల్ల, రెండు కుర్చీలు

కిందటేడు దసరా తర్వాత తెనాలి దగ్గర పల్లెలో మా అమ్మమ్మ వాళ్ల ఇల్లు అమ్మేశారు. తాతయ్య పోయి నాలుగేళ్లయింది, అమ్మమ్మ అప్పటికే హైదరాబాదులో మా దగ్గరే ఉంటోంది. ఆ ఇంట్లోంచి మా వాటాకి వచ్చినవి మూడు: తాతయ్య రాసుకునే టేకు బల్ల, పేము అల్లిన రెండు చేతుల కుర్చీలు. తాతయ్య ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. సాయంత్రాలు ఊళ్లో పిల్లలు ఆ బల్ల చుట్టూ కూర్చుని చదువుకునేవాళ్లు. బల్ల అంచు మీద బ్లేడుతో గీసిన గాట్లు ఇప్పటికీ ఉన్నాయి.

మాది రెండు బెడ్‌రూముల అద్దె ఫ్లాటు. ఆ సామాను బాల్కనీలో దిగగానే నాన్న, "పాత సామాన్లవాడు మూడింటికీ ఎనిమిది వందలిస్తానన్నాడు" అన్నారు. అమ్మేమో మా ఇంట్లో పనికి వచ్చే అక్క గురించి చెప్పింది. వాళ్లమ్మాయి పదో తరగతి, ఇంట్లో నేల మీదే కూర్చుని చదువుకుంటోంది. "ఎలాగూ ఊగిపోతోంది కదా, ఆ బల్ల వాళ్లకిచ్చేద్దాం." నాకేమో ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో వాడుకుందామని ఆ బల్ల మీద కన్ను. అమ్మమ్మని అడిగితే ఒకటే మాట అంది: "అటకెక్కించడానికైతే నాకొద్దురా. ఎవరో ఒకరు కూర్చుని రాసుకునేదైతే చెయ్యి."

ఆ మాట విన్నాక ముందు బాగుచేద్దాం, ఎవరిదన్నది తర్వాత చూద్దాం అనుకున్నాం. ఆరు ఆదివారాలు పట్టింది.

చెయ్యి వేస్తే తెలిసేవి

ఇంట్లో, తక్కువ ఖర్చుతో చేసుకోవాలనుకునేవాళ్ల కోసం పని కాస్త వివరంగా చెప్తాను. ఆలోచించాల్సిన సంగతులు కూడా ఈ పనిలోనే ఉన్నాయి.

ముందు చేయాల్సింది చూడటం. పాలిష్ డబ్బా తర్వాత. వస్తువుని తిరగేసి అడుగు వైపు చూడాలి. సన్నటి స్క్రూడ్రైవర్‌తో అక్కడక్కడా గుచ్చాలి. గట్టి చెక్క మొన దిగనివ్వదు. చెదలు తిన్నచోట పైన పొర బాగానే కనిపిస్తుంది కానీ లోపల గుల్ల, కొడితే డొల్ల చప్పుడు. అచ్చమైన చెక్కా, లేక ప్లైవుడ్ మీద పల్చటి చెక్కపొర అతికించిందా అన్నది అంచు చూస్తే తెలుస్తుంది. పొర అతికించినదైతే గట్టిగా రుద్దకూడదు, పొర అరిగి కింది చెక్క బయటపడుతుంది.

తర్వాత కడగడం. రెండు చుక్కల సబ్బు వేసిన గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి తుడవాలి. నీళ్లు పోయకూడదు. నీడలో ఆరనివ్వాలి. చాలా సామాను ఇక్కడే సగం బాగుపడుతుంది. మనం "పాడైపోయింది" అనుకున్నది నిజానికి ముప్పయ్యేళ్ల చేతి జిడ్డు, మసి.

పాత పాలిష్ ఏమిటో తెలుసుకోడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. కనపడనిచోట దూదితో ఒక చుక్క స్పిరిట్ అద్దాలి. మెత్తబడి జిగురుగా అంటుకుంటే అది లక్క పాలిష్. చెక్కుచెదరకపోతే మెలమైన్ లాంటి ఈ కాలపు పూతో, ఎనామెల్ రంగో అయ్యుంటుంది. లక్క అంటే లక్క పురుగులు రేగు, మోదుగ, కుసుమ చెట్ల కొమ్మల మీద పెట్టే గూటి పదార్థం. భారతంలో పాండవుల కోసం కట్టించిన లక్క ఇల్లు కూడా ఈ లక్కతోనే. అంత త్వరగా అంటుకుంటుంది కాబట్టే దుర్యోధనుడికి పనికొచ్చింది. స్పిరిట్‌లో కరిగించిన లక్క దగ్గర దీపం, అగరుబత్తి, స్టవ్ ఏవీ ఉండకూడదని ఆ కథే చెప్తోంది అనుకోండి.

మీ వస్తువు మీద ఉన్నది పాత ఎనామెల్ రంగయితే ఇంకో జాగ్రత్త. పాత రంగుల్లో సీసం ఉండేది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదనే నియమం 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుని పొడిగా గీకితే వచ్చే దుమ్ము పసిపిల్లలకి ప్రమాదం. అలాంటిదాన్ని తడిపి రుద్దాలి, మంచి మాస్కు పెట్టుకోవాలి, పిల్లల్ని దూరంగా ఉంచాలి. అంత శ్రమ వద్దనుకుంటే అసలు గీకకుండా వదిలేయడం మేలు.

రుద్దడానికి గరుకు కాగితం నంబర్లుంటాయి. 80 బాగా గరుకు, 120 మధ్యస్థం, 180, 220 నునుపు. ఆ వరసలోనే వెళ్లాలి, ఎప్పుడూ చెక్క గీతల వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీరలు పడతాయి. మా బల్లకి 80 అవసరం రాలేదు. తాతయ్య కూర్చునే వైపు పెద్ద సిరా మరక ఉంది. అది పోయేదాకా రుద్దాలంటే చెక్క చాలా లోతు అరుగుతుంది. నేను ఆలోచిస్తుంటే అమ్మమ్మ వచ్చి, "అది తియ్యకు నాన్నా. మీ అమ్మ రెండో క్లాసులో ఒలకబోసిన సిరా అది" అంది. మరక ఉంచేశాం. బాగుచేయడం అంటే కొత్తదానిలా చేయడం కాదని అక్కడ తెలిసింది. వస్తువు పనికి అడ్డొచ్చేది లోపం, దాన్ని సరిచేయాలి. పనికి అడ్డురానిది దాని వయసు, దాన్ని గౌరవించాలి. మన ఇళ్లలో పెద్దవాళ్ల విషయంలోనూ ఈ తేడా గుర్తుంచుకోవచ్చు.

ఇక ఊగడం. పాత బల్ల కాళ్లు మేకులతో నిలబడవు. ఒక చెక్క చివర సన్నగా చెక్కిన కుసి, ఇంకో చెక్కలోని బెజ్జంలో దూరి నిలబడుతుంది. మధ్యలో జిగురు. పాత వడ్రంగులు "వజ్రం" అనే జంతు జిగురు వాడేవాళ్లు. దానికొక గుణం ఉంది: వేడినీళ్లు తగిలితే మెత్తబడుతుంది. అంటే ఆ బల్ల చేసినవాడు, "దీన్ని ఒకరోజు ఎవరో విప్పాల్సి వస్తుంది, వాళ్లకి వీలుండాలి" అన్నట్టే చేశాడు. ఆరు దశాబ్దాల తర్వాత వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి పెడితే ఆ కీలు నెమ్మదిగా వదులైంది. పాత జిగురు గీకేసి, కొత్త జిగురు పెట్టి, సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టి ఒక రోజంతా వదిలేశాను. అదే ఎవరైనా తొందరపడి అక్కడ నాలుగు మేకులు కొట్టి ఉంటే, కుసి చీలిపోయి బల్ల పని అయిపోయేది.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని. మా వృత్తిలో పాత ప్రోగ్రాము చేతికి రాగానే "ఇదంతా తీసేసి కొత్తగా రాసేద్దాం" అనిపిస్తుంది. రాసినవాడు ఎందుకలా రాశాడో అర్థం చేసుకునే ఓపిక ఉంటే, సగం తీసేయక్కర్లేదని తెలుస్తుంది. తర్వాత వచ్చేవాడు విప్పగలిగేలా రాయడం మా పనిలో మర్యాద. పేరు తెలియని ఆ వడ్రంగి ఆ మర్యాద నాకంటే ముందే పాటించాడు.

చిన్న పగుళ్లకి అదే చెక్క రంపపు పొట్టు జిగురుతో కలిపి నింపాను. చివర్లో లక్క పాలిష్. దూది ఉండని మెత్తటి నూలుగుడ్డలో చుట్టి, పల్చగా, ఒక పూత ఆరాక ఇంకోటి. కొందరు మెరుపు కోసం కొబ్బరినూనె రాస్తారు. అది గట్టిపడే నూనె కాదు, జిడ్డుగా ఉండి దుమ్ము పట్టుకుంటుంది. అవిసె నూనె గట్టిపడుతుంది, చెక్కకి మంచిది. కానీ ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. పరిచి ఆరబెట్టి గానీ, నీళ్లలో తడిపి గానీ పారేయాలి.

తక్కువ ఖర్చు ఎవరి ఖర్చుతో?

మొత్తం ఖర్చు 2,500 రూపాయలు. గరుకు కాగితాలు 240, జిగురు 120, స్పిరిట్, లక్క కలిపి 540, టర్పెంటైన్, గ్లౌజులు, గుడ్డలు 200. ఇవన్నీ 1,100. మిగిలిన 1,400 కుర్చీ అల్లినాయనకి.

పేము అల్లిక నాకు రాదు. కుర్చీ చట్రం చుట్టూ బెజ్జాల్లోంచి తడిపిన పేము బద్దని నిలువు, అడ్డం, రెండు ఐమూలలు లాగుతూ అల్లాలి. మన దేశంలో అంధుల పాఠశాలల్లో నేర్పే వృత్తుల్లో ఒకప్పుడు ఇది ముఖ్యమైనది. వేళ్ల స్పర్శతోనే అంత సమంగా అల్లేవాళ్లు. మా కుర్చీకి వచ్చినాయన ఒకటిన్నర రోజు కూర్చుని అల్లారు. ఆయన 1,400 అనగానే నాన్న అలవాటు ప్రకారం "వెయ్యి చేసుకోండి" అన్నారు. ఆయన ఏమీ అనలేదు, అల్లుతున్న చెయ్యి మాత్రం ఆగింది. నేను "నాన్నా, ఒకటిన్నర రోజండీ" అన్నాను. నాన్న లెక్క వేసుకున్నారు కాబోలు, ఇంకేం మాట్లాడలేదు.

పొదుపు మంచి గుణమే. కానీ పొదుపు రెండు రకాలు. నా శ్రమతో, నా సమయంతో, ఉన్నదాన్ని వాడుకోవడంతో మిగిలేది ఒకటి. ఎదుటివాడి కూలిలోంచి మిగిలేది ఇంకోటి. లెక్క పుస్తకంలో రెండూ ఒకలాగే కనిపిస్తాయి. నవమి నాడు పనిముట్లకి కుంకుమ పెట్టి ఆయుధపూజ చేసే మనం, ఆ పనిముట్టు పట్టుకున్న చేతి దగ్గర నాలుగు వందలు తగ్గించమంటే ఆ పూజకి అర్థం ఏముంది? చేతకాని పనికి మనిషిని పిలిచి, అడిగినంత ఇవ్వడం కూడా బాగుచేయడంలో భాగమే.

బాగుచేశాక పుట్టిన మమకారం

అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. ఆరో ఆదివారం బల్ల మెరుస్తూ నిలబడింది. అటక మీది వస్తువుకి పట్టిన మమకారం వదలడానికే కదా బాగుచేశాం? తీరా చూస్తే నాకు అంతకు ముందు లేని మమకారం కొత్తగా పుట్టింది. ఇదివరకు అది తాతయ్య బల్ల. ఇప్పుడు "నేను చేసిన" బల్ల.

దీనికి మనస్తత్వ శాస్త్రంలోనూ లెక్క ఉంది. మైకేల్ నార్టన్, డేనియల్ మోచన్, డాన్ ఏరియలీ అనే ముగ్గురు 2012లో ప్రచురించిన పరిశోధనలో, మనుషులు తమ చేత్తో కూర్చుకున్న వస్తువుకి ఎక్కువ విలువ కడతారని చూపించారు. గీతలో కర్మఫలం గురించి భగవానుడు అంతగా హెచ్చరించింది కూడా మనుషుల ఈ గుణం తెలిసే. పని చేయకపోతే వచ్చే బంధం ఒకటి, చేస్తే వచ్చే బంధం ఇంకోటి. రెండోది తియ్యగా ఉంటుంది, అందుకే గుర్తుపట్టడం కష్టం.

నచికేతుడి తండ్రి మీద నాకు కాస్త జాలి కలిగింది కూడా ఇక్కడే. ముసలి ఆవుని ఇవ్వడం ఎందుకు సులువో, పాలిచ్చే ఆవుని ఇవ్వడం ఎందుకు కష్టమో కథ వింటే తెలియదు. ఊగే బల్ల ఇచ్చేద్దాం అని అమ్మ అన్నప్పుడు మా ఇంట్లో ఎవరికీ బాధ లేదు. ఇప్పుడు అదే బల్ల ఇవ్వాలంటే అందరి నోరూ మూతపడింది. ఎంత బాధ కలిగిందో అంతే దానం జరిగినట్టు. ఊగే బల్ల ఇచ్చి ఉంటే అది దానం లెక్కలోకి వచ్చేదే కాదు.

అమ్మమ్మే తేల్చింది. "మీ తాతయ్య ఉంటే ఆ పిల్లనే పిలిచి కూర్చోబెట్టేవారు" అంది. అంతకు మించి వాదించడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

ఇవ్వడంలోనూ కొలతలుంటాయి

దేశం, కాలం, పాత్రం చూసి ఇచ్చేది సాత్త్విక దానమని గీత పదిహేడో అధ్యాయం సారం. మా విషయంలో "దేశం" అంటే ఒక గది. మూడున్నర అడుగుల బల్ల వాళ్ల గదిలో పడుతుందా? అమ్మ ముందు అక్కని అడిగింది: "నీకు అవసరమా, చోటుందా? లేకపోతే మొహమాటపడకు." అక్క టేపుతో కొలుచుకొచ్చింది. మంచం గోడకి జరిపితే సరిపోతుందంది. "కాలం" అంటే పరీక్షలు మార్చిలో. తర్వాత ఎప్పుడో ఇస్తే ఆ పిల్లకి ఏం లాభం?

ఇంకో సంగతి. అక్క ఊరికే తీసుకోనంది. "ఎంతో కొంత తీసుకోండమ్మా, నా కూతురికి నేను కొనిచ్చానని చెప్పుకుంటా" అంది. అమ్మ వద్దని రెండుసార్లు అని, మూడోసారి ఐదు వందలు తీసుకుంది. అప్పుడు దానం మాదా, ఆమెదా? పుచ్చుకునేవాళ్ల మర్యాద కాపాడటానికి మన పుణ్యంలో కొంత తగ్గించుకోవాల్సి వస్తే, తగ్గించుకోవడమే సరైనదని నాకనిపించింది.

ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఈమధ్య అక్కని అడిగితే బల్ల బాగానే ఉందని, సగం మీద పుస్తకాలు, సగం మీద టీవీ పెట్టామని చెప్పింది. లక్క పాలిష్ మీద టీవీ! ఒక్క క్షణం నా ప్రాణం ఉసూరుమంది. అడుగున గుడ్డ వేశారా అని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఇచ్చాక కూడా దాన్ని ఎలా వాడాలో నేనే చెప్పాలనుకుంటే, బల్ల వాళ్లింట్లో, మమకారం మా ఇంట్లో ఉన్నట్టే కదా.

బాగుపడనిదాన్ని ఏం చేయాలి?

రెండు కుర్చీల్లో ఒకటి బాగుపడింది. అది బాల్కనీలో ఉంది, అమ్మమ్మ అందులో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంది. రెండోదాని ముందు పట్టె, రెండు కాళ్లు చెదలు పూర్తిగా తినేశాయి. చేత్తో నలిపితే పొడి. పైన లప్పం పెట్టి, రంగు వేసి అమ్మేయొచ్చని ఒకరు సలహా ఇచ్చారు. కొన్నవాళ్లు దాని మీద కూర్చుంటారు కదండీ. లోపం కప్పిపెట్టి అమ్మడాన్ని బాగుచేయడం అనకూడదు.

ఈ విషయంలో మన ఆలయాలే దారి చూపిస్తాయి. తిరుమలలో పన్నెండేళ్లకోసారి బాలాలయ మహాసంప్రోక్షణ జరుగుతుంది. కిందటిది 2018 ఆగస్టులో జరిగింది. స్వామివారి శక్తిని తాత్కాలికంగా బాలాలయంలోకి ఆవాహన చేసి, గర్భాలయంలో మరమ్మతులు చేస్తారు. మూలమూర్తికీ పీఠానికీ మధ్య అష్టబంధనం కొత్తగా వేస్తారు. లక్క, తేనెమైనం లాంటి ఎనిమిది ద్రవ్యాల ముద్ద అది. భగవంతుడి విగ్రహం దగ్గర కూడా బంధనం వదులవుతుందని, దాన్ని సమయానికి చూసుకోవాలని ఆగమం ఒప్పుకుంది. దీనిలో నామోషీ ఏమీ లేదు. దానికి జీర్ణోద్ధారణ అని గౌరవంగా పేరు పెట్టింది.

పూరీలో ఇంకో పద్ధతి. జగన్నాథుడు దారుబ్రహ్మ, వేప చెక్కతో చేసిన మూర్తి. చెక్కకి ఆయుష్షు ఉంది. అధిక ఆషాఢం వచ్చిన కొన్ని సంవత్సరాల్లో నవకళేబరం జరిపి కొత్త మూర్తుల్ని చేస్తారు. 1996లో, తర్వాత 2015లో అలా జరిగింది. పాత మూర్తుల్ని ఆలయ ప్రాంగణంలోని కొయిలి వైకుంఠంలో భూస్థాపితం చేస్తారు. దైతాపతులు సొంత మనిషి పోయినట్టే ఆశౌచం పాటిస్తారు. బాగుపడేదాన్ని బాగుచేయడం, బాగుపడనిదాన్ని మర్యాదగా సాగనంపడం, రెండూ ధర్మమే. ఏది ఏదో తెలుసుకోవాలంటే దగ్గరికెళ్లి, తిరగేసి, గుచ్చి చూడాలి. అటక కింద నిలబడి తేల్చలేం.

మా రెండో కుర్చీలో గట్టిగా ఉన్న చేతులు, వెనక కాళ్లు కోసి దాచాం, ముందుముందు ఏ మరమ్మతుకైనా ముక్కలు కావాలి. గుల్లబారినది మాత్రం భోగి మంటలో వేశాం. అది రంగు గానీ, చెదల మందు గానీ పడని అచ్చమైన చెక్క కాబట్టి వేశాం. ఎనామెల్ రంగు వేసినవి, మందు కొట్టినవి, ప్లైవుడ్, రెక్సిన్, ప్లాస్టిక్ పేము మంటలో వేయకండి. ఆ పొగ మంట చుట్టూ నిలబడిన పిల్లలే పీలుస్తారు.

ఈ భోగికి

భోగి అంటే పాతదాన్ని వదలడమే, అందులో సందేహం లేదు. ఏ పాతదాన్ని అన్నదే ప్రశ్న. మీ ఇంట్లో అటక మీంచి ఏదైనా దిగితే, పిల్లలకి అందించే ముందు ఒక్క గంట దానితో కూర్చోండి. తిరగేసి చూడండి. తుడవండి. తర్వాత ఇంట్లో అందరూ కలిసి ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది బాగుపడుతుందా? బాగుపడితే ఎవరు వాడతారు? ఆ వాడేవాళ్లు మనం కాకపోతే, మనం వాడుకోడానికి సిద్ధపడేంత బాగా చేసి వాళ్లకి ఇవ్వగలమా?

మూడో ప్రశ్న దగ్గర కాస్త ఇబ్బందిగా అనిపిస్తే కంగారు పడకండి. మాకూ అనిపించింది. ఆ ఇబ్బందితోనే ఒక పూట కూర్చుని, ఇంట్లో పెద్దవాళ్లని ఒక మాట అడగండి. ఆ వస్తువు ఎవరి కోసం ఇంటికొచ్చిందో వాళ్లకి గుర్తుంటుంది.

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు. శుభం.